ఆ కప్పులో మల్లె లేదు

మూడేళ్ల కిందట విజయనగరం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరైన మాస్టారు. ప్యాకెట్ వెనక నంబరు చూసి చేశారట. "అమ్మా, నాలుగు రోజులుగా మీ కాఫీయే తాగుతున్నాను, బాగుంది. కానీ మల్లెపూల పరిమళం అని రాశారు చూడండి, అది నాకు ఎంతకీ అందలేదు. ముక్కుకి కూడా వయసు మీద పడిందంటారా?" అని అడిగారు.

ఆయన ముక్కు బాగానే ఉంది. తప్పు నా వాక్యానిది. ఆ ఏప్రిల్‌లో నేను పాడేరు కొండల్లో తిరిగి వచ్చాను. తొలకరి కంటే ముందే పడే ఎండాకాలపు వాన ఒకటి పడితే, వారం పది రోజుల్లో కాఫీ మొక్క పూస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన, కొమ్మ పొడుగునా తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకుని ఉన్నాయి. గాలంతా మల్లె వాసనే. రెండు మూడు రోజుల్లో వాడిపోయే పూత అది. కొండ దిగి వచ్చి రాయడానికి కూర్చున్నా ఆ వాసన నన్ను వదల్లేదు. అదే ప్యాకెట్ మీదికి ఎక్కింది. పువ్వు కాయై, పండై, పండులోని గింజ ఎండి, వేగి, పొడై, నీళ్లలో దిగేసరికి ఎంత మారిపోతుందో తెలిసీ రాశాను. మల్లె వాసన నిజంగా పలికే కాఫీలు ఉన్నాయి. ఆ కాఫీ అలాంటిది కాదు. నేను తిరిగిన తోట గురించి రాసి, మాస్టారు తాగబోయే కప్పు సంగతి వదిలేశాను. నాలుగు పొద్దులు ఆయన తన ముక్కును తానే అనుమానించుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నా పని విశాఖలో ఒక చిన్న రోస్టరీకి కాఫీ రుచుల గురించి రాయడం. పావుకిలో ప్యాకెట్ వెనక మూడు వరుసల చోటు ఉంటుంది. ఆ మూడు వరుసల కోసం సగం పూట కప్పింగ్ బల్ల దగ్గర, అంటే కాఫీని రుచి చూసి బేరీజు వేసే చోట, గడుస్తుంది. 150 మిల్లీలీటర్ల నీళ్లకి 8.25 గ్రాముల పొడి లెక్కన కప్పుల్లో వేసి, ముందు పొడిని వాసన చూస్తాం. మరిగి కాస్త చల్లారిన నీళ్లు పోస్తాం. పొడి పైకి తేలి తెట్టు కడుతుంది. నాలుగు నిమిషాలు ఆగి, ముక్కు కప్పు అంచుదాకా వంచి, చెంచాతో ఆ తెట్టు విడగొట్టాలి. అప్పుడు లేచే ఆవిరిలో దాని గుణం సగం తెలిసిపోతుంది. తర్వాత నురగ తీసేసి, చెంచాడు కాఫీని జుర్రున పీల్చాలి. ఇంట్లో అయితే అమ్మ కసురుకునే చప్పుడు అది. ఆ చప్పుడుతోనే కాఫీ నోరంతా తుంపరై చెదిరి, వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది.

నేను ఎక్కువగా నమ్మేది చల్లారిన కప్పును. వేడి మీద అన్ని కాఫీలూ ఇంచుమించు ఒక్కలాగే మాట్లాడతాయి. గోరువెచ్చనయ్యాక పులుపు బయటపడుతుంది. బాగా చల్లారాక కూడా తీపి మిగిలితే గింజ మంచిది, పండు పండాకే కోశారన్నమాట. పచ్చికాయలు కలిస్తే అప్పుడు వగరు దాగదు.

ఆ రుచికి మాట వెతకడమే కష్టం. ప్రపంచమంతా వాడే రుచుల చక్రం ఒకటి ఉంది. 1995లో అమెరికా స్పెషాల్టీ కాఫీ సంఘం తెచ్చింది, 2016లో తిరగరాసింది. ఆ రెండో చక్రానికి ఆధారం వరల్డ్ కాఫీ రీసెర్చ్ వాళ్ల పదకోశం. అందులో 110 లక్షణాలకి ఒక్కోదానికీ ఫలానా వస్తువు రుచి చూడమని గుర్తు చెప్పి, తీవ్రతకి 0 నుంచి 15 దాకా కొలత పెట్టారు. దాని మీద నాకు చాలా గౌరవం. మాటను ఊహకి వదలకుండా, నాలుకతో సరిచూసుకునే వస్తువుకి కట్టేశారు. కాకపోతే ఆ వస్తువులు వాళ్ల బజారువి. బ్లూబెర్రీ అని రాస్తే శ్రీకాకుళంలో ఎవరి నోరూరుతుంది? మన నోటికి గుర్తొచ్చే మాట రాయాలి. అలాగని మన పండు పేరు ఏదో ఒకటి పెట్టేస్తే చాలదు. బ్లూబెర్రీకి బదులు నేరేడు అని చాలామంది రాస్తారు, నేనూ రాశాను. రంగు కలిసింది, పులుపూ తీపీ కలిశాయి. కానీ నేరేడు అనగానే మనకి ముందు గుర్తొచ్చేది నాలుక మీద పట్టేసే వగరు. కాఫీలో వగరు లోపం. లేని లోపాన్ని నేనే ప్యాకెట్ మీద అచ్చు వేయించినట్టయింది.

పులుపు అన్న మాటతో ఇంకా చిక్కు. స్పెషాల్టీ కాఫీలో పులుపు గొప్ప గుణం, ఎత్తయిన చోట నిదానంగా పండిన అరబికాకి వన్నె తెచ్చేది అదే. మన ఇళ్లలో కాఫీ పుల్లగా ఉందంటే పాలు విరిగాయని అర్థం. ఎసిడిటీ అని రాస్తే మందుల షాపు గుర్తొస్తుంది. అయితే పులుపుల్లో తేడాలు మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? చింతచిగురు పులుపు వేరు, గోంగూర వేరు, మామిడికాయ వేరు, కమలా తొన వేరు. అందుకే ఒట్టి పులుపు అని రాయడం మానేశాను. దేని పులుపో చెబుతాను. ఒక విడత కాఫీకి, ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే గొంతులో వచ్చే తీపి అని రాశాను. ఇంగ్లిష్ ప్యాకెట్‌లో ఆ చోట ఉన్నది 'స్వీట్ ఆఫ్టర్‌టేస్ట్'. నాకు మాత్రం ఉసిరికాయే ఎక్కువ చెప్పినట్టనిపిస్తుంది.

కారమెల్ దగ్గర నేను అసలు ఇబ్బంది పడలేదు. అరిసెలు వండే ఇంట్లో పుట్టినవాళ్లకి పాకాలు ఒకరు నేర్పాలా? లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం, ఆపైన మాడు. గింజ వేగేటప్పుడు లోపల తీపి కూడా ఇలాగే మెట్టు మెట్టుగా ముదిరి చేదులోకి దిగుతుంది. తక్కువ వేయించిన దానికి లేత పాకం అనీ, ఇంకాస్త వేయించిన దానికి అనకాపల్లి బెల్లంతో పట్టిన ముదురు పాకం అనీ రాస్తే, వంటింట్లో చెయ్యి తిరిగిన ఏ ఆడమనిషైనా ఇట్టే పోల్చుకుంటుంది. చిక్కదనానికీ అంతే, పల్చటి మజ్జిగ నుంచి వెన్న తియ్యని పాల దాకా మనకి మెట్లున్నాయి. 'రిచ్', 'స్మూత్' అని రాసేవాళ్లు ఆ ప్యాకెట్ తెరిచి వాసనైనా చూశారా అని నాకు అనుమానం.

కిందటేడు పండుతో సహా ఎండబెట్టిన గింజ ఒకటి వచ్చింది. తెట్టు విడగొట్టగానే బాగా మగ్గిన పండు వాసన, కాస్త పులిసినట్టు, వెనక బెల్లం. బల్ల చుట్టూ ఉన్న నలుగురం నాలుగు పేర్లు చెప్పాం, ఏదీ కుదరలేదు. చల్లారిన కప్పు పట్టుకుని కూర్చుంటే నాకు రేగివడియం తట్టింది. కారం వెయ్యకుండా, బెల్లం మాత్రం పెట్టి దంచి ఎండబెట్టినది. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలకి అది తెలియదని గింజలు వేయించే మా రోస్టర్ అభ్యంతరం చెప్పాడు. నిజమే. భోగిపళ్లు తెలుసు కదా, ఆ పళ్లు ఎండితే ఎలా ఉంటాయో అలా అని రాద్దామన్నాను. చివరికి రెండూ రాశాం. అచ్చుకి పంపేముందు బజారు నుంచి రేగివడియాలు తెప్పించి, కప్పు పక్కన పెట్టుకుని ముగ్గురం మళ్లీ రుచి చూశాం. మల్లె తర్వాత పెట్టుకున్న నియమం అది. పేరు చెప్పిన వస్తువు బల్ల మీద ఉండాలి.

అలా పోగైన సీసాలు ఇప్పుడు ఒక అర నిండా ఉన్నాయి. కొత్త బెల్లం, తాటిబెల్లం, ఎండు ఉసిరి, వేయించిన సెనగలు, నువ్వులు, ఎండబెట్టిన కమలా తొక్క. ఒక్కోదాని మీదా తేదీ రాస్తాను. మొన్నటి వానలకి రేగివడియాల సీసాలోకి చెమ్మ దిగి బూజు పట్టింది, పారేశాను. సంక్రాంతికి రేగుపళ్లు వస్తాయి, ఈసారి ఇంట్లోనే దంచుదామనుకుంటున్నాం. అప్పటికి కొండ మీద కాఫీ కోతలు కూడా జోరు మీద ఉంటాయి.