మైకు కట్టేశాక

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు వచ్చాయంటే గిద్దలూరు, కంభం, మార్కాపురం చుట్టుపక్కల సంఘాల్లో సాయంత్రాలు ఖాళీ ఉండవు. గృహ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, రాత్రంతా ప్రార్థన, ఆ వెనకాలే ఉజ్జీవ సభలు. అన్నిటిలోనూ పాటలుంటాయి, సాక్ష్యాలుంటాయి, వాక్యం ఉంటుంది, సౌండ్ బాక్సులు ఉంటాయి. లేనిదల్లా ఎవరూ ఏమీ మాట్లాడకుండా దేవుని ఎదుట కూర్చునే కాసింత సమయం. భారం మోసేవాళ్లకు విశ్రాంతి ఇస్తానన్న క్రీస్తు మాట మీద గంటసేపు ప్రసంగం విని, వచ్చినప్పటికంటే ఎక్కువ అలసటతో ఇల్లు చేరేవాళ్లు తక్కువేమీ కాదు. మౌనం, ఏకాంతం అన్నవి మఠాల్లో ఉండే సన్యాసుల సొత్తు, కూలికి వెళ్లే విశ్వాసికి వాటితో పనిలేదు అనుకోవడం వల్లే మన ఆరాధనలో ఈ వెలితి ఏర్పడిందని నాకనిపిస్తుంది. ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్ర తిరగేస్తే ఆ అనుకోవడం నిలవదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చేనాటికే తాళ్లకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉన్నాడు. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగే మనిషి. క్రీస్తు సంగతి వినకముందు బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. ఊపిరిని అదుపులో పెట్టి, ఒంటరిగా కదలకుండా కూర్చుని, మనసును లోపలికి తిప్పుకునే సాధన అది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ కథంతా ఉంది. గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల దారి పట్టినవాళ్లకు బాగా తెలిసిన యోగి పోతులూరి వీరబ్రహ్మం పేరు కూడా అదే పుస్తకంలో కనిపిస్తుంది. చెప్పులు కుట్టే వాడల్లో అక్షరం రానివాళ్లు కూడా లోపలి నిశ్శబ్దం కోసం గురువును వెతుక్కుంటూ పోయేవారని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. పేరయ్య క్రైస్తవుడయ్యాక ఊరూరా తిరిగి బోధించాడు. క్లౌ తొలి సహాయకుల్లో ఇలాంటి సాధన తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. మనం మాత్రం 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతినే తలుచుకుంటాం. మన కంభం చెరువు మీదుగా పోయే ఏరు కాబట్టి ఆ గర్వం సహజమే. కానీ ఆ సమూహానికి ముందు పేరయ్య ఒంటరి సాధన ఉంది. అంతకన్నా ముందు, 1854 జనవరి 1న తెల్లవారకముందే ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిన మిషనరీ జూవెట్ దంపతులు, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఉన్నారు. మొత్తం అయిదుగురు. అక్కడ సభ లేదు, వేదిక లేదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది: యోగసాధనను వదిలి వచ్చినవాళ్ల పిల్లలం మనం, మళ్లీ ధ్యానం పేరుతో దాన్నే వెనక్కి తెస్తారా? ప్రశ్న న్యాయమైనదే. పేరయ్య తన పాత గురుమార్గంలోనే ఉండిపోలేదు కూడా. అయితే మౌనంగా దేవుని ముందు ఉండడం బైబిలుకు పరాయిది కాదు. బాగా పొద్దు పొడవకముందే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ఒంటరిగా ప్రార్థించిన యేసును మార్కు మొదటి అధ్యాయంలోనే చూస్తాం. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్న వెంటనే, మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడని భ్రమపడవద్దని చెప్పాడు. ఏలీయా సంగతి మరీ గమనించదగ్గది. చావు కోరుకునేంత అలసిపోయి అరణ్యంలో చెట్టు కింద పడుకున్న ఆ ప్రవక్తకు దేవదూత బోధ చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ పెట్టాడు. ఆ తర్వాతే హోరేబు కొండ మీద గాలి, భూకంపం, అగ్ని దాటి సన్నని స్వరం వినిపించింది. తెలుగు నేలమీద 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి వచ్చినవారే. ఆయన సంప్రదాయంలో సన్నిధిలో కనిపెట్టడం ఆరాధనలో భాగం. అడిగేవి అడిగాక నోరు మూసుకుని ఎదురుచూడడం. ఆ మిషను బోధలన్నిటినీ అందరూ ఒప్పుకోనక్కర్లేదు గానీ, ఈ ఒక్క అలవాటు మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గదే.

రెండో అభ్యంతరం దీనికన్నా బరువైనది. మన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. ఊరి నడివీధిలో గొంతెత్తడానికి వీల్లేక, దొర ముందు చేతులు కట్టుకుని నిలబడిన తరాల తర్వాత వాళ్లకు గుడి దొరికింది, పాట దొరికింది, చేతికి మైకు వచ్చింది. పల్లెలో క్రిస్మస్ పాట ఊరంతా వినబడడం వాళ్లకు కేవలం భక్తి కాదు, మేమూ ఉన్నామని చెప్పుకోవడం. అలాంటివాళ్లకు మౌనం నేర్పబోవడం తిన్నవాడు ఆకలిగొన్నవాడికి ఉపవాసం బోధించినట్టే కదా? ఈ మాటను తేలిగ్గా దాటేయలేం. భయంతో మూగబోవడమూ, తనంతట తాను మాట ఆపడమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మొదటిది ఎవరో మన మీద పెట్టిన బరువు, దాన్ని దించుకోవడానికి గొంతెత్తాల్సిందే. అందుకే కీర్తన, తప్పెట, కేక ఏవీ తగ్గాలని నేననను; నూట యాభయ్యవ కీర్తన తాళాలనూ బూరలనూ రమ్మనే పిలుస్తుంది. కానీ నేటి సభలను కాస్త నిదానంగా చూడండి. మైకు వేదిక మీద ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉంటుంది. కింద కూర్చున్న వందలమంది మూడు గంటలపాటు వినడమే. పాడినా తమ పాట తమకే వినబడనంత మోత. గొంతు సంపాదించుకున్న సంఘంలో మళ్లీ ఎక్కువమంది గొంతు కోల్పోయారు. పది నిమిషాల మౌనంలో మాత్రం పాస్టరు గారు, పంచాయతీ మెంబరు, బీడీలు చుట్టే అమ్మ ఒకేలా కూర్చుంటారు. ఎవరి ప్రార్థన గొప్పదో తేల్చే వీలు ఎవరికీ ఉండదు. పేరయ్య అంటరానివాడిగా పుట్టాడు. అయినా అతనిది అణగిన మౌనం కాదు, అదే మనిషి తర్వాత ఊళ్ల మీద పడి బోధించాడు.

ఒంటరిగా కూర్చోవడానికి చోటేదీ అనేవాళ్లకు జవాబు చెప్పాల్సింది సంఘమే. ఒకే గది ఇంట్లో అయిదుగురు ఉన్నచోట, నీళ్ల బిందెతో తెల్లవారే ఆడవాళ్లకు తలుపు వేసుకునే గది ఎక్కడిది? దాదాపు ప్రతి పల్లెలో పక్కా గుడి ఉంది, ఆదివారం తప్ప దానికి తాళమే. పగలు రెండు గంటలు దాన్ని తెరిచి ఉంచి, లోపల మాట్లాడవద్దని ఒక బోర్డు పెడితే చాలు, అదే ఆ గది. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ సంప్రదాయం నుంచి వచ్చిన నంద్యాల డయోసీసు సంఘాల్లో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ముందు మోకరించి మౌనంగా ఉండడం కొత్త కాదు. దాన్ని కాస్త పొడిగించాలంతే.

అందరికీ ఇది ఒకే మోతాదులో పనికిరాదన్నది కూడా నిజమే. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వలసపోయి ఇంట్లో ఒక్కరే మిగిలిన ముసలివాళ్లకు ఏకాంతం ఇప్పటికే ఎక్కువైంది, వాళ్లకు కావాల్సింది పలకరింపు. మనసు కుంగిపోయినవాళ్లను ఒంటరిగా కూర్చోమనడం ప్రమాదం కూడా, వాళ్లకు ముందు డాక్టరు కావాలి, తోడు కావాలి. మౌనం పేరుతో సేవ ఎగ్గొట్టేవాళ్లూ ఉంటారు. దీనికి మార్కు ఆరో అధ్యాయమే దిక్కు. అలసిన శిష్యులను యేసు విశ్రాంతికని పడవలో అరణ్య ప్రదేశానికి తీసుకెళ్తే, జనం పరుగున ముందే చేరారు. ఆయన విసుక్కోలేదు, బోధించాడు, అయిదువేలమందికి పెట్టాడు. కానీ ఆ సాయంత్రమే శిష్యులను పడవెక్కించి, జనాన్ని పంపేసి, తాను ఒక్కడే కొండ ఎక్కాడు. సేవ అడ్డొచ్చిందని ఏకాంతాన్ని రద్దు చేసుకోలేదు, వాయిదా వేసుకున్నాడు.

మన పాస్టర్లకు ఆ వాయిదా కూడా దొరకదు. ఆదివారం మూడు ఊళ్లలో ఆరాధన, వారంలో కూడికలు, మధ్యలో పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు, ఎక్కడికెళ్లినా మాట్లాడాల్సిందే. దేవుని దగ్గర ఏమీ వినకుండా దేవుని గురించి రోజూ చెప్పాల్సిన పరిస్థితికి వాళ్లను నెట్టింది సంఘాలే. వచ్చే శ్రమదినాల కార్యక్రమం వేసేటప్పుడు నలభైలో నాలుగు సాయంత్రాలకు ప్రసంగీకుణ్ణి పిలవకుండా, మైకు తేకుండా, ఒక వాక్యభాగం చదివి అరగంట ఊరికే కూర్చునేలా పెద్దలు నిర్ణయించవచ్చు. మొదటి రోజు దగ్గులు, ఫోన్ మోతలు, చంటిపిల్లల ఏడుపులతోనే గడుస్తుంది. కానుకల లెక్కలో కొంత తేడా వస్తుందేమో కూడా. పాస్టరు గారి గొంతుకు మాత్రం నాలుగు రోజులు సెలవు.