బటన్ చాకూ, అంటు చాకూ

అనంతపురం జిల్లా నార్పల దగ్గర ఒక నర్సరీ. పచ్చ నెట్టు నీడలో రంగపూర్ నిమ్మ మొక్కలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఏడాది వయసు, పెన్సిల్ లావు కాండం. అంటు కట్టే పెద్దాయన గొంతుకూర్చుని, నేలకు జానెడు ఎత్తున బెరడు మీద టీ అక్షరంలాగా రెండు గాట్లు పెట్టాడు. చాకు కొసనున్న ఎముక నాలుకతో బెరడును రెండు పక్కలా లేపాడు. ఎడమచేతిలోని చీనీ (బత్తాయి) కొమ్మ మీంచి డాలు ఆకారంలో ఒక కన్ను చెక్కి, ఆ బెరడు సందులోకి జార్చి, పాలిథిన్ పట్టీతో చుట్టేశాడు. ఇంతా చేసి నిమిషం కూడా పట్టలేదు. మూడు వారాలకు పట్టీ విప్పినప్పుడు కన్ను పచ్చగా ఉంటే అంటు పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు.

ఈ కాలమిస్టు అక్కడికి వెళ్ళింది చీనీ మొక్కల కోసం కాదు, ఆ చాకును చూడ్డానికి. అంతకు కొన్నాళ్ళ ముందు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, ఒక బంధువు ఇంట్లో మరో చాకు చేతికొచ్చింది. అమెరికావాళ్ళు దాన్ని ఓటీఎఫ్ (అవుట్ ది ఫ్రంట్) అంటారు. పిడిలోంచి అలుగు పక్కకు మడత విప్పుకోదు, ముందువైపు కన్నంలోంచి నేరుగా దూసుకొస్తుంది. బొటనవేలితో మీటను ముందుకు తోస్తే టక్కుమని బయటికి, వెనక్కు లాగితే టక్కుమని లోపలికి. ఆ బంధువు దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ సరదాపడి పోగేసేవాళ్ళ సొరుగులో ఎన్నైనా ఇముడుతాయి.

ఆ టక్కు శబ్దానికి ఒక రుచి ఉందని ఒప్పుకోవాలి. ఒకసారి నొక్కినవాడు పది సార్లు నొక్కుతాడు. ఈ కాలమిస్టు కూడా నొక్కాడు. ఇంటావిడ వంటింట్లోంచి "ఆ శబ్దం ఆపండి బాబూ" అనేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

ఇంతకీ ఆ పిడిలో జరిగేదేమిటి? రెండు వైపులా పనిచేసే రకంలో, అంటే డబుల్ యాక్షన్‌లో, మీటను తోస్తున్నప్పుడు లోపలి స్ప్రింగు సాగుతుంది. అలుగు మాత్రం గొళ్ళెం పట్టులో కదలకుండా ఉంటుంది. మీట చివరికి చేరేసరికి గొళ్ళెం ఎత్తుకుంటుంది, స్ప్రింగు అలుగును విసురుతుంది. మిగిలిన దూరం అలుగు ఆ విసురు మీదే వెళ్ళి అవతలి గొళ్ళెంలో పడుతుంది. దారిలో ఏదైనా అడ్డు తగిలిందా, సగంలో ఆగిపోయి వదులుగా వేలాడుతుంది. అప్పుడు వేళ్ళతో పట్టి లాగి గొళ్ళెంలో పడేసుకోవాలి. సినిమాల్లో చూపించినట్టు బటన్ నొక్కగానే అవతలివాడి ఒంట్లోకి దిగిపోవడం ఈ రకంతో అయ్యే పని కాదు. సింగిల్ యాక్షన్ రకంలో స్ప్రింగు విసురు ఇంకా బలంగా ఉంటుంది, కానీ తిరిగి లోపలికి పంపాలంటే చేత్తో లాగి బిగించాలి.

అలుగు జారాలంటే చుట్టూ కాస్త సందు ఉండాలి. అందుకే ఎంత ఖరీదైన ఓటీఎఫ్‌లోనైనా అలుగు వెంట్రుకవాసి ఊగుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు దాన్ని లోపమనుకుని గొడవపడతారు. లోపం కాదు, దాని పుట్టుకే అంత. కానీ నార్పల పెద్దాయన పనికి ఆ వెంట్రుకవాసి ఊపు చాలు, కన్ను చెడిపోవడానికి. అంటు చాకు అలుగుకు సాధారణంగా పదును ఒక పక్కనే ఉంటుంది, రెండో పక్క చదును. కోత అద్దంలా చదునుగా వస్తేనే చెక్కిన కన్ను కాండాన్ని కరుచుకుంటుంది. జర్మనీలో టీనా అనే కంపెనీ 1854 నుంచి తోటమాలుల చాకులు చేస్తోంది. వాటిలో ఒక్కదానికీ బటన్ లేదు.

ఫోన్లో ఓటీఎఫ్ వీడియో చూపిస్తే పెద్దాయన రెండుసార్లు చూశాడు. "పదును యా పక్కుండాది?" అని అడిగాడు. రెండు పక్కలా అని చెబితే నవ్వాడు. "ఇది కోసేకి కాదు సార్, చూపిచ్చేకి."

ఆయన మాటలో సగమే నిజం. ఈ రకం చాకు పుట్టింది చూపించడానికి కాదు, ఒక చెయ్యి ఖాళీ లేనివాడి కోసం. 1930ల చివర్లో జర్మన్ సైన్యం తన పారాచూట్ దళాలకు ముందునుంచి అలుగు జారే చాకు ఇచ్చింది. అందులో స్ప్రింగు లేదు, మీట నొక్కి కిందికి వంచితే అలుగు తన బరువుకే జారేది. చెట్టు కొమ్మకు చిక్కుకుని వేలాడే సిపాయి ఒంటిచేత్తో తాళ్ళు కోసుకోవాలని ఆ ఏర్పాటు. అమెరికా 1958లో బటన్ చాకుల అంతర్రాష్ట్ర వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు కూడా ఒక మినహాయింపు రాసుకుంది: ఒక చెయ్యే ఉన్న మనిషి 3 అంగుళాలకు మించని అలుగున్న బటన్ చాకు దగ్గర పెట్టుకోవచ్చు. చట్టం రాసినవాళ్ళకు ఈ చాకు అసలు పని ఏమిటో తెలుసన్నమాట.

మరి తెలిసీ ఎందుకు నిషేధించారు? 1950లో ఒక అమెరికన్ మహిళా పత్రిక ఈ చాకును ప్రాణాలు తీసే ఆటబొమ్మ అంటూ వ్యాసం వేసింది. 1955లో 'రెబెల్ వితౌట్ ఎ కాజ్' సినిమాలో కుర్రాళ్ళు బటన్ చాకులతో తలపడ్డారు. ఆ తర్వాత ఆ చాకు పనిముట్టుగా కాక, రౌడీ గుర్తుగా జనం బుర్రల్లో ఉండిపోయింది. బ్రిటన్ కూడా 1959లో నిషేధించింది. ఈ కథ వింటే అనంతపురం వాళ్ళకు నవ్వు రావాలి, ఏడుపూ రావాలి. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' వరసగా వచ్చాక రాయలసీమ అనగానే వేటకొడవలి గుర్తొచ్చేలా అయింది. ఫ్యాక్షన్ అబద్ధమని ఎవరూ అనరు. కానీ ఈ జిల్లాలో కొడవళ్ళలో నూటికి తొంభైతొమ్మిది గడ్డి కోశాయి, వరి కోశాయి, మేకలకు తుమ్మకొమ్మలు దించాయి. హైదరాబాద్ హాస్టల్లో అనంతపురం కుర్రాడు యాపిల్ కోయడానికి చాకు తీస్తే పక్కవాళ్ళు జోకు వెయ్యడం మాత్రం ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆగలేదు.

మన దేశంలో బటన్ చాకు పేరు చెబితే రాంపూర్ చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊరి కత్తిపనివాళ్ళ చాకులు నవాబుల కాలం నుంచి ప్రసిద్ధి. హిందీ సినిమా దాన్ని విలన్ల జేబులో పెట్టింది. ప్రభుత్వం అలుగు పొడవు మీద ఆంక్ష పెట్టింది, పనివాళ్ళు తగ్గిపోయారు. 2023లో అదే రాంపూర్ కూడలిలో దాదాపు 20 అడుగుల చాకు విగ్రహం నిలబెట్టారు. చేసేవాళ్ళు ఉన్నప్పుడు ఆంక్షలు, తగ్గిపోయాక విగ్రహం.

కొనాలనుకునేవాళ్ళు ముందు చట్టం చూసుకోవాలి, తర్వాతే ఉక్కు సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాలకన్నా పొడవు, లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు అలుగున్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటికీ వ్యవసాయానికీ వాడే పనిముట్లకు మినహాయింపు ఉంది. అయితే 1959 ఆయుధ చట్టంలోని సెక్షన్ 4 కింద ప్రభుత్వం ఏ ప్రాంతానికైనా విడిగా ప్రకటన ఇవ్వొచ్చు. ఢిల్లీలో 1980 నుంచి అలాంటి ప్రకటన ఉంది: అలుగు 7.62 సెంటీమీటర్లు లేదా అంతకన్నా పొడవు, 1.72 సెంటీమీటర్లు లేదా అంతకన్నా వెడల్పు ఉన్న స్ప్రింగు చాకు, బటన్ చాకు అక్కడ లైసెన్సు లేకుండా ఉండకూడదు. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా 3 అంగుళాలు. పేరున్న ఓటీఎఫ్‌లు చాలావరకు ఈ కొలత దాటినవే. మైక్రోటెక్ వాళ్ళ అల్ట్రాటెక్ అలుగు దాదాపు మూడున్నర అంగుళాలు, బెంచ్‌మేడ్ వాళ్ళ ఇన్ఫిడెల్ నాలుగుకు దగ్గర. అనంతపురంలో రైలెక్కి ఢిల్లీలో దిగేవాడి జేబులో అదుంటే, దిగిన చోట కథ మారిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకూ ఇదే గజిబిజి. టెక్సాస్ 2013లో బటన్ చాకుల మీద నిషేధం ఎత్తేసింది, కాబట్టి ఫ్రిస్కో బంధువు పదకొండూ దర్జాగా పెట్టుకున్నాడు. అదే మనిషి ఉద్యోగం మారి కాలిఫోర్నియా వెళితే, అక్కడ అలుగు 2 అంగుళాలకు చేరితే జేబులో పెట్టుకోవడానికి లేదు. ఇంటి సామాను సర్దుకునేటప్పుడు ఈ కొలత ఎవరికి గుర్తుంటుంది?

చట్టం దాటాక చూడాల్సింది అలుగు ఆకారం. దుకాణంలో కంటికి ఇంపుగా కనబడేది రెండు పక్కలా పదునున్న బాకు రకం. పనికి చూస్తే దండగ. బొటనవేలు ఆనించి బలం పెట్టడానికి మొండి వీపు ఉండదు. కొస కొంచెం వంగి, పదును ఒకే పక్కనున్న అలుగు తీసుకుంటే అట్టపెట్టె కోసుకోవచ్చు, బోరు పైపు తొడుగు చీల్చుకోవచ్చు, మామిడికాయ కోసుకోవచ్చు. ఉక్కు పేర్ల మీద జనం గంటలు గంటలు వాదించుకుంటారు. డీ2 పదును బాగా నిలుపుకుంటుంది, తడి తగిలితే మచ్చ పడుతుంది. ఎస్35వీఎన్, ఎం390 తుప్పును బాగా తట్టుకుంటాయి, సాన పట్టడానికి మాత్రం ఓపిక కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో తుప్పు పెద్ద భయం కాదు.

ఇక్కడ భయం దుమ్ము. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్ళినవాళ్ళకు హగరి ఒడ్డు ఇసుకదిబ్బలు తెలుసు. గాలి తిరిగితే అన్నంలో కూడా ఇసుకే. ముందు కన్నం తెరుచుకుని ఉండే చాకుకు ఇంతకన్నా శత్రువు లేదు. జేబులోని నూలుపోగులు, వేరుశనగ పొట్టు, ఎర్రమట్టి అన్నీ ఆ కన్నంలోంచి స్ప్రింగు దాకా వెళతాయి. నూనె ఎక్కువ పోస్తే దుమ్ము అతుక్కుని జిగురవుతుంది. గాలి కొట్టి శుభ్రం చేసి, పలచటి నూనె ఒకటి రెండు చుక్కలు వెయ్యాలి. మహర్నవమి నాడు ఆయుధ పూజకు దీన్ని పెడితే పసుపు కుంకాలు పిడి మీదే పెట్టండి, కన్నం వైపు వద్దు.

ఇక పోగేసుకునేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు కోత అక్కర్లేదు, కూర్పు కావాలి. మీట గట్టిదనం ఎంత, శబ్దం పొడిగా ఉందా, అలుగు పిడికి నడిమధ్యన వస్తోందా, స్క్రూల అంచులు ఎవరైనా విప్పినట్టు నలిగాయా చూస్తారు. నకిలీలు కుప్పలుగా ఉన్న సరుకు ఇది, కాబట్టి పెట్టె, కాగితాలు, కొన్న రసీదు దాచుకోవడం చాదస్తం కాదు. తోలు ఒరలో ఏళ్ళ తరబడి ఉంచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గడియారాలు పోగేసేవాణ్ని టైము చూసుకోవడానికి ఇన్నెందుకని ఎవరూ అడగరు. వీళ్ళనూ అడగక్కర్లేదు. కాకపోతే అలమారాలోని సరదాకు జేబులోని అవసరమని పేరు పెట్టుకోవడం దగ్గరే పేచీ. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మన పెద్దవాళ్ళు అడిగింది ఆ పేరు గురించే.

ఒంటిచేత్తో కత్తి తియ్యాల్సిన మనిషి ఈ మెట్టనేలలో ఎవరా అని వెతికితే ఈతచెట్టు మీద దొరికాడు. నడుముకు మోకు, కాళ్ళకు బంధం, ఒక చెయ్యి చెట్టుకు. కల్లు గీసే కత్తి మొలలోని ఒరలో, పిడి పైకి ఉంటుంది. చెయ్యి వెళ్ళడం, కత్తి రావడం ఒకటే కదలిక. బటన్ లేదు, గొళ్ళెం లేదు, ఇసుక పడితే తొడకు తుడుచుకుంటే సరి. అమెరికా కంపెనీ వందల డాలర్లకు అమ్మే సౌకర్యాన్ని కమ్మరి కొలిమిలో లారీ స్ప్రింగు పట్టీ కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచి చేసి ఇచ్చాడు. అందులోనూ స్ప్రింగు ఉంది, వేరే రూపంలో.

నర్సరీ నుంచి బయలుదేరేముందు పెద్దాయన చాకును ఒకసారి చూస్తానని ఈ కాలమిస్టు చెయ్యి చాపాడు. ఆయన చేతికివ్వలేదు. మడిచి, పక్కనున్న రాయి మీద పెట్టాడు. కత్తి చేతికిస్తే మాట తేడా వస్తుందని మన ఇళ్ళలో అందరికీ ఉన్న పట్టింపే. రాయి మీంచి తీసి చూస్తే, సాన మీద అరిగి అరిగి అలుగు వెడల్పు చిటికెన వేలంత మిగిలింది. పిడి మీద బొటనవేలు ఆనే చోట కొయ్య నున్నగా గుంటపడి ఉంది. ఎన్నేళ్ళ చాకు అని అడిగితే, పెద్దకొడుకు పుట్టినప్పుడు కొన్నదన్నాడు. ఆ కొడుకు బెంగళూరులో కారు నడుపుతున్నాడు.

ఫ్రిస్కో బంధువు పన్నెండోది కొనబోతూ సలహా అడిగాడు. ఒక పక్క పదునున్నది, 3 అంగుళాల లోపుది తీసుకో, ఊరికొచ్చేటప్పుడు మాత్రం అక్కడే వదిలేసి రా అని ఈ కాలమిస్టు జవాబు రాశాడు. తను మాత్రం అనంతపురం పాతూరులో ఒక మడత చాకు కొనుక్కున్నాడు. దానికి బటన్ లేదు.