పశ్చాత్తాపం ఎవరి పని?

బ్రయన్ విక్టోరియా రాసిన ‘జెన్ ఎట్ వార్’ 1997లో వెలువడింది. బౌద్ధులమని చెప్పుకునే మనకు మింగుడుపడని పుస్తకం. రచయిత బయటివాడు కాదు. జపాన్‌లోని సోటో జెన్ సంప్రదాయంలో దీక్ష తీసుకున్నవాడే. 1945లో ఓడిపోయేదాకా జెన్ పీఠాలు చక్రవర్తి సైన్యానికి ఎలా కొమ్ము కాశాయో వాటి రాతల నుంచే చూపించారు. కొందరు గురువులు యుద్ధంలో చంపడాన్ని కరుణ అన్నారు. సంఘాలు యుద్ధ విమానాలకు చందాలు పోగుచేశాయి. ఎదురు నిలిచినవారు కొద్దిమందే. వారిలో ఒకరు ఉచియామా గుడో. కౌలు రైతుల పక్షాన నిలిచి, చక్రవర్తి దైవత్వాన్ని కాదన్న ఈ గురువును 1911లో రాజద్రోహం కేసులో ఉరితీశారు. అంతకుముందే సోటో సంఘం ఆయనను వెలివేసింది. తిరిగి కలుపుకున్నది 1993లో.

1992లో సోటో సంఘం ఆసియా ప్రజలకు క్షమాపణ చెప్పింది. గాయపడినవారికే చెప్పడం చిన్న సంగతి కాదు. కళింగ యుద్ధంపై అశోకుడి పశ్చాత్తాపం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద ఉంది. కళింగలోని ధౌళి బండ మీద లేదు.

అయినా, యుద్ధం ముగిశాక 47 ఏళ్ల ఆలస్యమెందుకు? పుస్తకంలో మాకు కనిపించిన లోటు ఇక్కడే. విక్టోరియా దృష్టి గురువుల మీద, పీఠాల మీద ఉంది. సామాన్య ఉపాసకుల మనసు మీద తక్కువ. హిరోషిమాలో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి యుద్ధమంటే తన ఇంటి చావే. 1937లో నాన్‌జింగ్‌లో తన దేశ సైన్యం చంపినవారు ఆ దుఃఖంలోకి రారు. ఆమె బాధ నిజమే. కానీ ‘మనవాళ్లు’ అనే గీత ఎక్కడ గీస్తామో బాధ అక్కడే ఆగిపోతుంది. గీత అవతలి చావుల గురించి ఎవరైనా అడిగితే అది నిందలా వినిపిస్తుంది.

మరి ఆ తర్వాత పుట్టినవారు దోషులా? జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లోనే నేరాన్నీ రాజకీయ బాధ్యతనూ విడదీశారు. నేరం చేసినవాడిది; బాధ్యత పౌరులందరిదీ. ఈ తేడా మనకు బాగా తెలియాలి. పుట్టుకతో అంటిన పాపమనే కదా మన తాతలను ఊరి బయట ఉంచారు! ఆ గత జన్మ కర్మ వాదాన్ని బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో తిరస్కరించారు. కాబట్టి పుట్టుక దోషాన్ని అగ్రకులాల పిల్లల మీద కూడా మనం మోపలేం. అయితే తాతల నుంచి పొలం, పరపతి అందుకున్నవాడు తాతలు చేసిన అన్యాయాన్ని సరిదిద్దే పనినీ అందుకోవాలి. మనం అడిగేది అదే.

అదే కొలత మనకూ వర్తిస్తుంది. 2017లో మయన్మార్ సైన్యం దాడులకు 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఆ సైన్యాన్ని సమర్థించిన భిక్షువులూ ఉన్నారు. ‘వాళ్లు నిజమైన బౌద్ధులు కారు’ అని తేలిగ్గా అనేస్తాం. అశోకుడూ నాగార్జునకొండా మనవని చెప్పుకునేటప్పుడు గీతను పెద్దదిగా గీస్తాం. చీవరం కట్టినవారు తప్పు చేస్తే చెరిపి చిన్నదిగా గీసుకుంటాం.

మయన్మార్‌లో జరిగిన నేరం మనది కాదు. అది తప్పని మన విహారాల్లో పైకి చెప్పే బాధ్యత మనది. సంఘాన్ని శరణు కోరినవాళ్లం. సంఘం దారి తప్పితే చెప్పాల్సిందీ మనమే.