ఒక రిజిస్టరును చదవడం: 1329 ఫసలీ చట్టంపై విమర్శ

ఈ భాగంలో మనం చదివే రచన ఒక చట్టం. కథనో కవితనో చదివినట్లే దీనిలోని మాటలను కూడా పట్టిపట్టి చూడండి. పేరు తెలంగాణ యూనక్స్ చట్టం, 1329 ఫసలీ, అంటే 1919. నిజాం ప్రభుత్వం చేసినది, 2023 దాకా చట్ట పుస్తకాల్లోనే ఉన్నది. మీ రఘునాథపల్లి, జనగామ ఆనాడు ఆ రాజ్యంలోనివే.

చట్టం ఏమంటున్నది? హైదరాబాదులో ఉండే 'యూనక్కుల'లో మగపిల్లలను ఎత్తుకుపోతారనో 'అసహజ' నేరాలు చేస్తారనో అనుమానం ఉన్నవారి పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో ఎక్కించాలి. అలా పేరెక్కిన వ్యక్తి వీధిలో ఆడవేషంతోనో నగలతోనో కనబడితే, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు.

'అనుమానం' అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. నేరం రుజువు కానక్కరలేదు. అనుమానంతో పేరెక్కుతుంది, పేరెక్కినాక చీర కట్టుకోవడమే నేరమవుతుంది. కొమురవెల్లి మల్లన్న జాతరలో చీర కట్టి, పసుపు పూసుకుని ఆడే శివసత్తులలో మగపుట్టుక పుట్టినవారిని మీలో చాలామంది చూసే ఉంటారు. జాతరలో మనం దండం పెట్టే వేషం, ఆట ఈ చట్టం కంటికి జైలుకు పంపదగినవి.

ఈ మాటలు నిజాం కొలువులో పుట్టలేదు. బ్రిటిష్ ప్రభుత్వపు 1871 నేరస్థ తెగల చట్టం రెండో భాగంలో ఇదే రిజిస్టరు, ఇదే వేషం, ఇదే అరెస్టు ఉన్నాయి. 1860 శిక్షాస్మృతిలోని 377వ సెక్షనూ ఆ కాలపు క్రైస్తవ నీతిభావం నుంచి వచ్చినదే. అందుకే ఉద్యమకారుల రచనల్లో ఒక వాదం తరచుగా కనిపిస్తుంది: ఈ మనుషులు పరాయివారు కారు, ఈ చట్టమే పరాయిది. వినసొంపుగా ఉంటుంది. కాని ఈ వాదం మీద పూర్తిగా ఆనుకోవద్దని నా సలహా. బ్రిటిష్‌వారు 1911లో కొత్త చట్టం తెచ్చినప్పుడు ఆ రెండో భాగాన్ని వదిలేశారు. ఎనిమిదేళ్ల తరువాత మన ప్రభుత్వమే దాన్ని ఏరుకుని తెచ్చుకుంది. 2009 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లి 377ను నిలబెట్టమన్నవారిలో ఈ దేశపు హిందూ, ముస్లిం, క్రైస్తవ సంస్థలు కూడా ఉన్నాయి.

యుగాండాను చూస్తే ఈ చిక్కు ఇంకా బయటపడుతుంది. అక్కడి పాత నిషేధం బ్రిటిష్‌వారిదే. 2009 మార్చిలో స్కాట్ లైవ్లీ తదితర అమెరికన్ మతప్రచారకులు కంపాలాలో సదస్సు పెట్టారు; అదే ఏడాది డేవిడ్ బహాటీ మరణశిక్షతో కూడిన బిల్లు తెచ్చాడు. యుగాండా ఉద్యమకారులు 2012లో లైవ్లీపై అమెరికా కోర్టుకే వెళ్లారు. తమ పరిధిలోకి రాదంటూ 2017లో కోర్టు ఆ దావాను కొట్టేసింది. తమాషా ఏమిటంటే, అక్కడి పాలకులు స్వలింగ ప్రేమనే పరాయి సరుకు అంటారు, ఉద్యమకారులు దానిపై ద్వేషాన్ని పరాయి సరుకు అంటారు. ఇద్దరిదీ ఒకే తూకంరాయి. 2023లో అక్కడ కొన్ని సందర్భాలకు మరణశిక్ష పెడుతూ మళ్లీ చట్టం వచ్చింది.

అదే 2023 జూలైలో మన హైకోర్టు వేరే దారి పట్టింది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో వేసిన పిటిషన్‌పై ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం 1329 ఫసలీ చట్టాన్ని కొట్టివేసింది. చట్టం ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికన్నా అది మనిషిని ఏం చేస్తున్నదన్న ప్రశ్నకే తీర్పులో బలం ఎక్కువ: ఒక సమూహం మొత్తాన్ని నేరస్థులుగా చూడటం, ఏకాంతంలోకి, గౌరవంలోకి చొరబడటం, రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధం. ఆసరా పింఛను ఇవ్వమని కూడా ఆదేశించింది. నా దృష్టిలో తీర్పులో అన్నిటికన్నా గట్టి వాక్యం ఆ పింఛను వాక్యమే. రిజిస్టరు పోవడంతోనే ఎవరికీ పూట గడవదు కదా.

ఇక అభ్యాసం. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం తీసుకోండి. ట్రాన్స్‌జెండర్‌గా గుర్తింపు పత్రం కావాలంటే జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మీ జనగామ కలెక్టరుకు, దరఖాస్తు పెట్టుకోవాలంటుంది. ఆ సెక్షన్లను పాత రిజిస్టరు పక్కన పెట్టి, ఎవరు ఎవరి పేరు రాస్తున్నారు, దేనికోసం రాస్తున్నారు అన్నది వాక్యం వాక్యంగా పోల్చి రెండు పుటల్లో రాయండి.