దండీ తీసే దారి

పుషప్‌లు ఇరవై ముప్పై సులువుగా తీసే కుర్రవాడిని దండీలు తియ్యమంటే అయిదారింటికే భుజాలు వణుకుతాయి. బలం ఉన్నా ఒంటికి ఆ దారి తెలియదు. పుషప్‌లో తల నుంచి మడమ దాకా ఒళ్లు ఒకే గీతగా బిగిసి కిందికీ పైకీ కదులుతుంది. దండీలో చేతులూ పాదాలూ నేలకు ఆనించి, నడుము పైకెత్తి మొదలుపెడతాం. అక్కణ్ణుంచి గడ్డం, ఛాతీ, పొట్ట వరసగా నేలకు బెత్తెడు ఎత్తున ముందుకు సాగి, రెండు చేతుల మధ్య నుంచి పైకి లేస్తాయి. మోచేతులు నిటారుగా, ఛాతీ ఎత్తుగా, నడుము కిందికి వచ్చి ఆగుతాం. మళ్లీ నడుమెత్తి వెనక్కి. ఇంతసేపూ భుజం కీలు బరువు మోస్తూనే తిరుగుతుంది. తొడల వెనక కండరాలు సాగుతాయి, వెన్ను వంగి విచ్చుకుంటుంది. ఆరడుగుల నేల తప్ప మరేమీ అడగని ఒక్క కదలికలో ఇంత పని ఉంది. దీన్ని తరాలపాటు నిలబెట్టిన తాలింఖానాల మీద నాకు ఎనలేని గౌరవం.

మట్టి గోదా, బరువు గుండ్లు, గోడకు ఆంజనేయుడి పటం, నేర్పడానికి ఒక వస్తాదు: ఊళ్లో తాలింఖానా అంటే ఇంతే. కుస్తీ పట్లు నేర్పే ముందు కుర్రాళ్లచేత దండీలు, బస్కీలు తీయించేవారు. దండీలు పై ఒంటికి, కూర్చుని లేచే బస్కీలు కాళ్లకు. మల్లుల సాధన మన నేల మీద చాలా పాతది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన ‘మానసోల్లాసం’లో మల్లుల తిండి గురించీ, సాధన గురించీ, పోటీల గురించీ విడిగా చెప్పాడు. ఛాతీ మీద ఏనుగును నిలిపి, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంచిన కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టం వాడు. హైదరాబాద్ పాతబస్తీలో పహిల్వాన్ల తాలీంలు ఇప్పటికీ ఉన్నాయి.

అయితే ఈ సంప్రదాయం గురించి జనం నోట మిగిలినవి ఎక్కువగా అంకెలే. గామా పహిల్వాన్ రోజుకు వేల దండీలు తీసేవాడని చెప్పుకుంటారు. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జిబిస్కోతో రెండున్నర గంటలు పట్టినా తేలని కుస్తీని, 1928లో పటియాలాలో నిమిషంలోనే తేల్చేసినవాడు ఆయన. ఆ ఘనత విన్న కుర్రాడు మొదటి రోజే యాభై తీయబోతాడు. మర్నాడు చెయ్యెత్తలేక మానేస్తాడు. గామా చిన్నతనం నుంచీ ఏళ్ల తరబడి చేసిన సాధన మీద ఆ లెక్క నిలబడిందన్న సంగతి కథల్లో ఉండదు. కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మొదటి నెలంతా అంకె గురించి ఆలోచించొద్దు. ఒళ్లు సరైన దారిలో వెళుతోందో లేదో చూసుకోండి.

దిగడంతో మొదలుపెట్టాలి. కండరం పైకి నెట్టగలిగే బరువు కంటే, సాగుతూ ఆపగలిగే బరువు ఎక్కువ. అందుకే ఒక్క దండీ తీయలేనివాళ్లు కూడా నెమ్మదిగా దిగగలరు. అరచేతులు భుజాల వెడల్పున, వేళ్లు విప్పి. పాదాలు అంతకంటే కాస్త ఎడంగా. నడుమెత్తి, మోచేతులు డొక్కల వైపుకు మడుస్తూ, నాలుగైదు సెకన్లు పట్టేలా ఛాతీని చేతుల మధ్యకు దించండి. ఛాతీ నేలకు దగ్గరయ్యాక మోకాళ్లు ఆనించి మొదటికి వచ్చేయండి. పైకి లేవడం ఇప్పుడే వద్దు. ఇలా అయిదు, కాసేపు ఆగి మరో అయిదు, రోజు విడిచి రోజు. అదీ కష్టమైతే అరుగు అంచు మీదో గట్టి బల్ల మీదో చేతులు పెట్టి మామూలు పుషప్‌లతో సత్తువ తెచ్చుకోండి. నేల మీద పుషప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు 64 శాతం. మోకాళ్లు ఆనిస్తే అది ఒంటి బరువులో దాదాపు సగానికి తగ్గుతుంది. చేతులు రెండడుగుల ఎత్తున పెడితే సుమారు 41 శాతమే. 60 కిలోల మనిషికి 38 కిలోలకూ 25 కిలోలకూ ఉన్న తేడా అది.

అసలు చిక్కు మధ్యలో ఉంది. ఛాతీ చేతుల దగ్గరికి వచ్చి, ఇంకా పైకి లేవని ఆ జానెడు దూరంలో మోచేతులు బాగా మడిచి ఉంటాయి. బరువంతా వాటి మీదే. కొత్తవాళ్లు ఇక్కడే తప్పించుకుంటారు. కొందరు మోచేతులు మడవకుండా నడుమును కిందికి వదిలేసి ముందుకొచ్చేస్తారు. చూడ్డానికి దండీలాగే ఉంటుంది గానీ చేతులకు పని పడదు, నడుము పూసల మీద మాత్రం ఒత్తిడి పడుతుంది. మరికొందరు మోచేతులు రెండు పక్కలకూ విప్పేసి భుజం నొప్పి తెచ్చుకుంటారు. ఛాతీ నేలకు దగ్గరగా ఉన్నచోట రెండు సెకన్లు ఆగడం అలవాటు చేసుకుంటే ఈ రెండూ సర్దుకుంటాయి. తరవాత పిరుదులు బిగించి ఛాతీని ముందుకూ పైకీ తీసుకుపోవాలి. మెడను వెనక్కి విసరకూడదు. వస్తాదు ఉంటే ఈ చోట వీపు మీద చెయ్యివేసి సరిదిద్దుతాడు. ఒంటరిగా నేర్చుకునేవాళ్లు ఫోన్ పక్కన నిలబెట్టి వీడియో తీసుకుని చూసుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

వెనక్కి వెళ్లేటప్పుడు మోచేతులు నిటారుగానే ఉంచి నడుమెత్తేయాలి. వచ్చిన దారినే మోచేతులు మడిచి వెనక్కి పోయే రకం కూడా ఉంది, అది ఇంకా కష్టం. ఊపిరి ఛాతీ లేచేటప్పుడు లోపలికి, నడుము వెనక్కి వెళ్లేటప్పుడు బయటికి. బిగబట్టాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే.

సూర్యనమస్కారాలు చేసేవారికి ఇదంతా తెలిసినట్టే అనిపిస్తుంది. నడుమెత్తిన పర్వతాసనం, ఛాతీ ఎత్తిన భుజంగాసనం దండీకి రెండు కొసలు. మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాన్ని పాలించిన భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి గత శతాబ్దం మొదటి భాగంలో నమస్కారాలను అందరి వ్యాయామంగా ప్రచారం చేశాడు. అవి అలవాటున్నవారికి కొసలు రెండూ వచ్చేసినట్టే, మధ్యలో మోచేతుల పని ఒక్కటే మిగులుతుంది.

మణికట్లు నొప్పి పెడితే రెండు ఇటుకలు పడుకోబెట్టి వాటిని పట్టుకుని తీయండి. మణికట్టు వెనక్కి అంతగా వంగదు, ఛాతీ ఇంకాస్త కిందికి దిగుతుంది కూడా. బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లాకోమా ఉన్నవాళ్లు, ఇదివరకు భుజం జారినవాళ్లు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

కండరాలు వారాల్లో బలపడితే వాటిని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు నెలలు పడుతుంది. అయిదు తేలికగా వచ్చిన రోజున పదికి పోకుండా అదే అయిదును ఇంకా నెమ్మదిగా తీయండి. ఆగకుండా తీసిన పదిలో చివరిది కూడా మొదటిదానిలాగే వచ్చాక, బస్కీలు కలపండి. ఒక దండీకి రెండు బస్కీలు మొదలుపెట్టడానికి మంచి లెక్క.