మూలకు చేరే స్పీకరు, గోడకు దూరం జరిగే స్పీకరు

లక్షలు పోసి స్పీకర్లు కొన్నవాళ్ళు చెప్పే మాటల్లో సగం పొగడ్త, సగం సమర్థన అని కొట్టిపారేసేవాళ్ళు చాలామంది. నేను ఆ పక్షం కాదు. ఏళ్ళ తరబడి ఒకే స్పీకరు ముందు కూర్చున్న మనిషికి కొన్ని సంగతులు తెలుస్తాయి. నాలుగు వారాలు అరువు తెచ్చుకుని విని రాసే సమీక్షకుడికి అవి అందవు. అయితే సొంతదారు ఏ విషయంలో నమ్మదగిన సాక్షి, ఏ విషయంలో కాదు అన్నది తేల్చుకుని వినాలి. అందుకు స్వభావంలో ఉత్తర దక్షిణాల్లాంటి రెండు స్పీకర్లను తీసుకుంటున్నాను. ఒకటి అమెరికాలో పుట్టిన క్లిప్ష్‌హార్న్. రెండోది ఇంగ్లండులో బోవర్స్ అండ్ విల్కిన్స్ కంపెనీ చేసే 801. రెండూ నేల మీద నిలబడేవే, రెండూ మనిషి కంటే బరువైనవే. వీటి సొంతదారులు మాత్రం ఒకరి మాట ఒకరికి అర్థం కానంత వేరుగా మాట్లాడతారు.

పాల్ క్లిప్ష్ ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణంలో 1946లో కంపెనీ పెట్టాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా క్లిప్ష్‌హార్న్ తయారవుతూనే ఉంది. స్పీకరులో ఊగి శబ్దం పుట్టించే కోను ఎంత తక్కువ కదిలితే ధ్వనిలో కల్తీ అంత తక్కువ అన్నది ఆయన జీవితాంతం వదలని పట్టు. కోను కొంచెమే కదిలి శబ్దం ఎక్కువ రావాలంటే దాని ముందు బూర ఉండాలి. పై స్వరాలకు చిన్న బూర చాలు. 33 హెర్ట్జ్ దగ్గరి మంద్రం సంగతి వేరు. దాని అలపొడవే పది మీటర్లు దాటుతుంది, అందుకు తగిన బూర ఏ ఇంట్లోనూ పట్టదు. క్లిప్ష్ ఆ బూరను పెట్టెలోనే మడతలు వేసి, చివరి భాగం కట్టే పనిని గది మూలకు అప్పగించాడు. రెండు గోడలూ నేలా కలిసి బూర నోరు అవుతాయి. మంద్రం పలికే 15 అంగుళాల వూఫరు పెట్టె లోపల ఎక్కడో ఉంటుంది, ఎదురుగా నిలబడితే కనిపించదు.

ఈ స్పీకరు ఉన్నవాళ్ళు దాదాపు అందరూ చెప్పే మాట ఒకటుంది: చిన్నగా పెట్టినా పాట నిండుగా ఉంటుంది, పెద్దగా పెట్టినా అరిచినట్టు ఉండదు. దీన్ని భ్రమ అనడానికి లేదు. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ వస్తుందని కంపెనీ లెక్క. 801 ఇప్పటి రూపానికి ఆ లెక్క 90. ఈ పదిహేను డెసిబెల్స్ తేడా అంటే అదే శబ్దానికి రెండో స్పీకరు ముప్పై రెట్లకు పైగా వాట్లు తాగాలి. కంపెనీ లెక్కలో మూల చేసే సాయం కూడా కలిసి ఉందనుకుని కొంత తగ్గించినా తేడా పెద్దదే. మామూలు స్పీకరులో డోలు మీద గట్టి దెబ్బ పడినప్పుడల్లా కోనును కదిలించే వాయిస్ కాయిల్ వేడెక్కుతుంది, దాని నిరోధం పెరుగుతుంది, రావలసిన శబ్దం కొంచెం తగ్గి వస్తుంది. క్లిప్ష్‌హార్న్‌లో అదే దెబ్బకు వాటులో చిన్న భాగం చాలు. కాయిల్ వేడెక్కే ప్రసక్తే రాదు, దెబ్బ దెబ్బలాగే వస్తుంది. ఎనిమిది వాట్ల వాల్వు ఆంప్లిఫయరుతో హాలంతా నింపుకున్నామని వీళ్ళు చెప్పేది అక్షరాలా నిజం.

ఈ కుటుంబంలోనే లా స్కాలా అని ఇంకో స్పీకరు ఉంది, మూల అక్కర్లేనిది. విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ఆర్కాన్సా గవర్నరు పదవికి పోటీకి దిగుతున్న రోజుల్లో, 1963లో, ఆయన సభల కోసం దాన్ని తయారుచేశారు. ఎన్నికల సభలో జనం చివరి వరసకు మాట చేర్చడానికి పుట్టిన పెట్టె ఇవాళ ఖరీదైన డ్రాయింగు రూముల్లో జాజ్ వినిపిస్తోంది. దూరానికి సులువుగా చేరే శక్తే దగ్గర కూర్చున్నవాళ్ళకు శ్రమలేని ధ్వనిగా వినిపిస్తుంది. ఈ చరిత్ర తెలిస్తే క్లిప్ష్ సొంతదారుల పొగడ్త ఎక్కడినుంచి వస్తుందో తెలుస్తుంది.

801 వెనక ఉన్న ఆలోచన వేరు. జాన్ బోవర్స్ 1966లో ఇంగ్లండు దక్షిణ తీరాన వర్తింగ్‌లో కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి 801 వచ్చింది 1979లో. కోను ఒక్కటే పలకాలి, మిగిలిందంతా మూగబోవాలి అన్నది అక్కడి పట్టు. పెట్టె గోడ కంపిస్తే అది కూడా పాడినట్టే. మధ్య స్వరాల కోనుకు విడిగా తల కట్టి బేసు పెట్టె మీద కూర్చోబెట్టారు. 1987లో పెట్టె లోపల అడ్డగోడల అల్లిక వచ్చింది. 1998లో తల గుండ్రబడింది. 2005లో పై స్వరాలు పలికే ట్వీటరుకు కృత్రిమ వజ్రపు గుమ్మటం పెట్టారు. దశాబ్దాలపాటు ఆ కంపెనీ గుర్తుగా నిలిచిన పసుపు కెవ్లార్ కోనును 2015లో వదులుకున్నారు. 2021 నాటి రూపం ఒక్కొక్కటి వంద కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. ఎనభై ఏళ్ళలో క్లిప్ష్‌హార్న్ మారింది కొంచెమే. 801 మాత్రం పదేళ్ళకోసారి దాదాపు కొత్తగా పుడుతుంది. ఈ తేడా సొంతదారుల మాటలోకి కూడా దిగుతుంది. క్లిప్ష్ మనిషి తన స్పీకరుతో ఎన్నేళ్ళు గడిచాయో చెబుతాడు. 801 మనిషి పాత దానికీ కొత్త దానికీ తేడా ఏమిటో చెబుతాడు.

801 సొంతదారు తరచు అనే మాట, ముప్పై ఏళ్ళుగా వింటున్న పాటలో ఇంతకుముందు వినని సంగతులు వినిపించాయని. గాయకుడి ఊపిరి, ఫిడేలు కమాను తీగను తాకిన తొలి గరుకు, వెనక వరసలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఇదీ నిజమే. పెట్టె మాట్లాడకపోతే చిన్న చప్పుళ్ళకు చోటు దొరుకుతుంది. సన్నని తల చుట్టూ ధ్వని విశాలంగా పరుచుకుంటే స్పీకర్ల మధ్య వేదిక కట్టినట్టు ఉంటుంది. కానీ ఇందులో ఇంకో పాలు కూడా ఉంది. ఈ కుటుంబం స్పీకర్లను కొలిచినప్పుడు పై స్వరాలు మిగతా స్వరాల స్థాయికి కాస్త ఎగువన కనిపించడం కొత్త విషయం కాదు. పై స్వరాలను కొంచెం ఎత్తితే ఏ రికార్డింగులోనైనా వివరాలు పెరిగినట్టే ఉంటుంది. కొత్తగా వినిపించిన సంగతుల్లో పెట్టె మౌనం ఇచ్చినవెన్నో, ట్వీటరు ఎత్తి చూపినవెన్నో సొంతదారు విడదీసి చెప్పలేడు. ఆ విషయంలో అతని సాక్ష్యాన్ని నేను పూర్తిగా తీసుకోను.

అతని రెండో వాదన ఇంకా బలహీనం. లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియో 801ని తన పనికి తీసుకుంది కాబట్టి ఇంజనీరు విన్నదే నేనూ వింటున్నాను అంటాడు. ఇంజనీరు విన్నది స్పీకరును ఒక్కదాన్నే కాదు, లెక్క కట్టి ధ్వనికి తగ్గట్టు గోడలను తీర్చిన ఒక గదిని కూడా. పైగా మనం వినే రికార్డులు వెయ్యి స్టూడియోల్లో వెయ్యి రకాల స్పీకర్ల మీద కలిపినవి. చాలా తెలుగు సినిమా పాటలు ఆ కాలపు మద్రాసు స్టూడియోల్లో, ఈ కంపెనీ పేరు వినని ఇంజనీర్ల చేతుల మీదుగా వచ్చాయి. వాటికి 801 మూలరూపం చూపించే అద్దం ఎలా అవుతుంది?

రెండిటినీ మన సంగీతంతో ఎదురెదురు పెడితే నా తీర్పు ఇలా ఉంటుంది. షేక్ చినమౌలానా నాదస్వరం, పక్కన డోలు. ఇది ఆరుబయట, గుడి ప్రాకారం దాటి వినబడటానికి పుట్టిన జంట. క్లిప్ష్‌హార్న్ మీద ఆ నాదం తన అసలు కొలతలో నిలబడుతుంది. 801 అన్ని స్వరాలనూ శుభ్రంగా ఇస్తుంది కానీ ఒళ్ళు జలదరించే ఆ వేగం సగమే ఇస్తుంది, మిగతా సగం కోసం పెద్ద ఆంప్లిఫయరు అడుగుతుంది. మృదంగంలో కూడా అంతే. కుడి వైపు చాపు దెబ్బ క్లిప్ష్ మీద చేతికి తగిలేలా ఉంటుంది. ఈమని శంకరశాస్త్రి వీణ దగ్గరికి వచ్చేసరికి నా ఓటు మారుతుంది. ఒక్క మీటు తర్వాత తీగను లాగుతూ ఆయన నడిపే గమకం, నాదం సన్నబడి దారంలా మిగిలే దాకా, ఆ తోక మొత్తం 801 మీదే వినిపించింది. క్లిప్ష్ మధ్య స్వరాల బూర తన రంగును అందులో కొంచెం కలిపింది. గొంతు విషయంలోనూ అదే. బూర మీద ఆడ గొంతు కొన్నిసార్లు చేతులు దొప్పలు చేసి నోటి దగ్గర పెట్టుకుని పిలిచినట్టు ఉంటుంది. చాలాకాలంగా క్లిప్ష్‌తో ఉన్నవాళ్ళకు ఇది వినిపించదు, చెవి ఆ రంగును తీసేయడం నేర్చుకుంటుంది. కొత్త స్పీకరు నెలల తరబడి వాయిస్తే మెత్తబడుతుందని అందరూ చెప్పే మాటలో కూడా ఎక్కువ భాగం ఇదే. కోను వెనక ఉండే స్పైడర్ మొదటి గంటల్లో కొంత వదులవుతుంది. ఆ తర్వాత మారుతూ పోయేది వినేవాడు.

సొంతదారుల మాటల్లో పొగడ్త కంటే నాకు ఎక్కువ పనికొచ్చేది, లోపం కనబడినప్పుడు వాళ్ళు నేరం ఎవరి మీద వేస్తారన్నది. క్లిప్ష్ మనిషి పెట్టె మీదే వేస్తాడు. వెనక పలక విప్పి, స్వరాలను పంచే క్రాసోవరులో కెపాసిటర్లు మార్చి, ట్వీటరు మార్చి, ఏది బాగైందో ఏది చెడిందో చెబుతాడు. లోపాన్ని దాచడు, దానితో కుస్తీ పడతాడు. 801 మనిషికి పై స్వరాలు గుచ్చుకుంటే రికార్డింగు బాగాలేదంటాడు, ఆంప్లిఫయరు చాలలేదంటాడు, కేబుల్ మారుస్తాడు. ఆంప్లిఫయరు మాట కొంత నిజమే. ఆ స్పీకరు నిరోధం కొన్ని చోట్ల 3 ఓమ్‌ల దాకా దిగుతుంది, బలహీనమైన ఆంప్లిఫయరు అక్కడ తడబడుతుంది. కానీ ప్రతిసారీ నేరం వేరేవాటిదే అయితే స్పీకరు ఎప్పుడూ విచారణకు రాదు. స్టూడియో పేరు తెచ్చిన గౌరవం ఎంత పెద్దదైతే సొంతదారు నోట నిజం అంత తక్కువగా వస్తుందని నాకు అనిపిస్తుంది. 801 చెడ్డ స్పీకరని నేను అనడం లేదు, దాని గురించి నమ్మదగిన సాక్ష్యం దొరకడం కష్టమంటున్నాను.

ఈ విషయంలో నేను అందరికంటే గౌరవించేది క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ సొంతదారులను. పీటర్ వాకర్ 1957లో తెచ్చిన ఆ పలక స్పీకరులో బేసు తక్కువ, గట్టిగా పెట్టడానికి వీల్లేదు, సరిగ్గా ఎదురుగా కూర్చుంటేనే వినాలి. ఇవన్నీ వాళ్ళే ముందు చెబుతారు. చెప్పాక, మనిషి గొంతు దానిలో వినిపించినంత సహజంగా ఇంకెక్కడా వినలేదంటారు. లోపాల పట్టిక ముందు పెట్టినవాడి మెచ్చుకోలు తూకంగా ఉంటుంది.

చూపు ప్రభావం గురించి ఒక మాట. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఒకే స్పీకర్లను తెర వెనక పెట్టి ఒకసారి, కళ్ళెదుట పెట్టి ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. స్పీకరు కనబడగానే మార్కులు మారాయి. శబ్దాలు విని తీర్పు చెప్పడం వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా దీనికి అతీతులు కారు. నునుపు తేలిన వాల్‌నట్ చెక్క, వజ్రపు గుమ్మటం, నడుమెత్తు దాటిన బూర, ఇవన్నీ చెవికంటే ముందే మాట్లాడతాయి. అయినా ఐదేళ్ళ తర్వాత కూడా రోజూ వింటున్నానని చెప్పేవాడి మాటలో చూపు పాలు తగ్గిపోతుంది. అందుకే కొన్న వారంలో రాసిన ఉత్తరం కంటే ఆ మాటకు విలువ ఎక్కువ.

ఇక సొంతదారుల్లో ఎవరూ సరిగా చెప్పనిది, చెప్పలేనిది గది సంగతి. సుమారు 300 హెర్ట్జ్ కిందకు దిగాక మనం వినేది స్పీకరు కంటే గదినే. అమెరికాలో మామూలు ఇంటి గోడ అంటే చెక్క ఫ్రేము మీద జిప్సం పలక. బేసుకు అది కొద్దిగా ఊగి, ఆ శక్తిలో కొంత మింగేస్తుంది. మన ఇటుక గోడ, కాంక్రీటు శ్లాబు, గ్రానైటు నేల దాదాపు ఏమీ మింగవు. మంద్రమంతా గదిలోనే తిరిగి తిరిగి, కొన్ని స్వరాల దగ్గర గుప్పున లేచి, కొన్నిటి దగ్గర మాయమవుతుంది. మూలలో పెట్టిన స్పీకరు గదిలోని ప్రతి అనునాదాన్నీ గరిష్ఠంగా లేపుతుంది కాబట్టి డాలస్‌లో బిగుతుగా వినిపించిన క్లిప్ష్‌హార్న్ బేసు విజయవాడలో గుమ్మరించినట్టు ఉండవచ్చు. అదే గదిలో దాని మధ్య, పై స్వరాల బూరలు మాత్రం మేలు చేస్తాయి. అవి ధ్వనిని పక్క గోడల మీదికి చల్లకుండా వినేవాడి వైపు విసురుతాయి, తెరలూ తివాచీలూ లేని హాలులో ఆ గుణం చాలా విలువైనది. 801 ఇందుకు తలకిందులు. గోడకు మీటరు దూరం జరిపి పెడితే బేసు అదుపులో ఉంటుంది కానీ పై స్వరాలు గ్రానైటు మీద, పక్క గోడల మీద తుళ్ళి పడతాయి. దానికి కనీసం ఒక మందపాటి తివాచీ, పక్కన పుస్తకాల అల్మరాలు కావాలి.

దానికితోడు మన ఫ్లాట్లలో హాలు, భోజనాల చోటు కలిసే ఉంటాయి. ఒకే గోడకు రెండు వైపులా పూర్తి మూలలు దొరికే హాలు అరుదు, ఒక మూల బాల్కనీ తలుపుకో నడవకో పోతుంది. 2019 నుంచి వస్తున్న క్లిప్ష్‌హార్న్‌కు వెనక భాగం మూసి ఇస్తున్నారు, గోడకు అతుక్కుని ఉండక్కర్లేదు. అయినా మూల మాత్రం కావాలి. కాబట్టి అమెరికాలో ఉన్న ఏ అన్నయ్యైనా తన స్పీకర్ల గురించి రాసిన మాటల్లో డోలు దెబ్బ ఎలా ఉంది, ఐదేళ్ళ తర్వాత కూడా వింటున్నాడా అన్నవి నమ్మి తీసుకోవచ్చు. బేసు గురించి ఆయన రాసినదాన్ని పక్కన పెట్టి, మన హాలులో పెట్టి వినాల్సిందే.