పోర్టికోలో ఇంజన్ దించే విద్య

పాత మారుతీ 800 సైలెన్సర్‌ నుంచి నీలం పొగ మొదలైందంటే ఇంట్లో సలహాలకు కొదవుండదు. అమ్మి పారేయమని బావమరిది అంటాడు. ఇంజన్ దించాల్సిందేనని మెకానిక్ తేల్చేస్తాడు. ఆ దించేదేదో మన పోర్టికోలో మనమే దించుకుందామన్న మాట మాత్రం తెలుగు ఇళ్లలో ఎప్పుడో గానీ వినబడదు. కారున్నవాడు చేతులకు మసి పూసుకోవడమేమిటన్న నామోషీ కొంత, షెడ్డులో మేస్త్రీ ఉండగా మనకెందుకన్న ధీమా కొంత.

బ్రిటన్‌లో, అమెరికాలో ఇది శని ఆదివారాల పని. అక్కడ మెకానిక్ కూలీ గంటల లెక్కన పడుతుంది, ఆ గంట ఖరీదు మామూలుగా ఉండదు. అందుకే ఇంటి ముందు చెట్టు కొమ్మకో, గ్యారేజీ దూలానికో గొలుసు వేసి ఇంజన్ బయటికి తీసే అలవాటు పెరిగింది. ఆ అలవాటుకు పుస్తకరూపం ఇచ్చినవాడు జాన్ హేన్స్. బ్రిటిష్ వైమానిక దళ ఉద్యోగిగా ఏడెన్‌లో ఉన్నప్పుడు తోటి ఉద్యోగి ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారును విప్పి బిగించడంలో చెయ్యివేశాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ మామూలు మనిషికి కొరుకుడు పడేది కాదు. హేన్స్ ప్రతి అంచెనూ ఫొటో తీసి, 1966లో తన మొదటి మాన్యువల్ వేశాడు. కారును నిజంగా విప్పి, మళ్లీ బిగించి చూశాకే పుస్తకం రాయాలన్నది ఆయన పెట్టుకున్న పద్ధతి. ఆ పుస్తకాలకు విలువ వచ్చింది అక్కడే.

ఆ తరం చేతులు తిరిగింది మాత్రం ఎక్కువగా వెనక చక్రాలు నడిపే కార్ల మీద. మన అంబాసడర్ ఆ కోవలోదే. ఇంజన్ కారు పొడవునా కూర్చుంటుంది, దాని వెనక గేర్‌బాక్స్, అక్కడినుంచి వెనక చక్రాలదాకా పొడవాటి షాఫ్ట్. రేడియేటర్ తీసేస్తే ఇంజన్‌ను ముందుకు జరిపి ఎత్తేయొచ్చు, ముందు చక్రాల జోలికే పోనక్కర్లేదు. ముందు చక్రాలు నడిపే కారులో అలా కుదరదు. ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఒకే ముద్దగా ముందుభాగంలో ఇరుక్కుని ఉంటాయి. ఆ ముద్దనుంచి కుడికో యాక్సిల్, ఎడమకో యాక్సిల్ చక్రాల్లోకి దూరి ఉంటాయి. ఆ రెండూ ఊడితే తప్ప ఇంజన్ కదలదు.

ఈ అమరికకు పేరు తెచ్చింది 1959లో వచ్చిన బ్రిటిష్ మినీ. దాని రూపకర్త అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ను దాని కిందే ఆయిల్ సంపులో కూర్చోబెట్టాడు. రెండింటికీ ఒకటే ఆయిల్. ఇటలీలో దాంతే జకోసా 1964లో ఆటోబియాంకీ ప్రిములాలో, 1969లో ఫియట్ 128లో గేర్‌బాక్స్‌ను ఇంజన్ పక్కకు జరిపాడు. డిఫరెన్షియల్ ఒక వారకు పోయింది కాబట్టి ఒక యాక్సిల్ పొట్టిది, ఇంకోటి పొడవుది అయ్యాయి. ఇవాళ రోడ్డు మీద తిరిగే చిన్న కార్లలో చాలావరకు ఈ జకోసా సంతానమే. మారుతీ భాగస్వామి సుజుకీకైతే ముందు చక్రాల మీద మోజు ఇంకా పాతది: 1955లో అది చేసిన మొదటి కారు సుజులైట్ కూడా ముందు చక్రాలతోనే నడిచింది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 ఈ వంశంలోదే. మూడు సిలిండర్లు, 68.5 మిల్లీమీటర్ల బోరు, 72 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 796 సీసీ. కారు బరువు సుమారు 650 కిలోలు. 2014 జనవరిలో తయారీ ఆపేసేనాటికి పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయింది. కాబట్టి విడిభాగాలకు కరువు లేదు, ఆ ఇంజన్ ఎరిగిన మేస్త్రీ లేని ఊరూ అరుదు. ముందు చక్రాల కారు ఇంజన్ దించడం నేర్చుకోవాలంటే మన దేశంలో దీనికంటే మంచి బడి లేదు.

పానా పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇంజన్ నిజంగా దించాలా? క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్స్ ఒక్కటి కిందికి దింపితే చాలు. హెడ్ గాస్కెట్, టైమింగ్ బెల్టు ఇంజన్ ఉన్నచోటే మార్చుకోవచ్చు. బోరు అరిగి లేత్ షాపుకు బ్లాకు పంపాల్సి వచ్చినప్పుడు, క్రాంకు పని పడినప్పుడు, బ్లాకు పగిలినప్పుడు దించక తప్పదు. తక్కిన సందర్భాల్లో ఎవరైనా దించుదామంటే రెండో మేస్త్రీని అడగడం మంచిది.

ఈ పనిలో బలం కంటే వరస ముఖ్యం. తెలియనివాళ్లు మొట్టమొదట కారును జాకీ మీద ఎత్తేస్తారు. అక్కడే చిక్కు. యాక్సిల్ చివర చక్రం మధ్యలో ఉండే హబ్ నట్టు చాలా బిగువుగా ఉంటుంది. కారు నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కి పట్టి, పానాకు పొడవాటి పైపు తగిలించి దాన్ని వదులు చేసుకోవాలి. గాల్లో ఉన్న కారు మీద అంత బలం ప్రయోగిస్తే కారు జాకీ మీంచి జారి పడొచ్చు. కారెత్తాక బరువంతా గట్టి స్టాండ్ల మీదే ఉండాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే పనికిరావు, అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

తర్వాత బ్యాటరీ. నెగెటివ్ వైరు ముందు ఊడదీయాలి. బానెట్ విప్పేటప్పుడు కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుంటే తిరిగి బిగించే రోజు సందులు సరిచూసుకునే బాధ తప్పుతుంది. ఇంజన్ చల్లబడ్డాక కూలెంటు, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ విడివిడిగా టబ్బుల్లోకి దింపాలి. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం కూడా. వీధికుక్క నాలుగు గుక్కలు తాగినా ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని మూతపెట్టి దాచాలి గానీ కాలవలో పారబోయకూడదు.

పెట్రోలు సంగతి మోడల్‌ను బట్టి. కార్బొరేటర్ బండిలో గొట్టం ఊడదీసి మూసేస్తే సరిపోతుంది. 2000 ప్రాంతం నుంచి వచ్చిన ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండిలో గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. అందుకే బ్యాటరీ ఊడదీయకముందే, ఆయిల్, కూలెంటు దింపకముందే ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపాలి, ఆ తర్వాతే గొట్టం ముట్టుకోవాలి. ఏసీ ఉంటే గ్యాసు వదిలేయక్కర్లేదు. పైపులు ఊడదీయకుండానే కంప్రెసర్‌ను బోల్టులు విప్పి పక్కకు కట్టేయొచ్చు.

ఇక వైర్లు, కేబుళ్లు, గొట్టాలు. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, హీటర్ గొట్టాలు, సెల్ఫ్ మోటారు వైర్లు, గేరు రాడ్లు, సైలెన్సర్ పైపు. ఏదీ కష్టం కాదు, ఏది ఎక్కడిదో గుర్తుంచుకోవడమే కష్టం. హైదరాబాద్ షెడ్లలో, విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మేస్త్రీలు విప్పిన బోల్టును మూటగట్టరు. భాగం ఊడి వచ్చాక ఆ బోల్టును దాని రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి వదిలేస్తారు. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలోకి పోయి అల్యూమినియం పగలగొట్టే ప్రమాదం ఆ చిన్న అలవాటుతో పోతుంది. ఇంట్లో చేసేవారికి సెల్‌ఫోను ఇంకో వరం. ప్రతి కనెక్టర్‌కూ ఊడదీసే ముందు ఒక ఫొటో, ఊడదీశాక టేపు మీద నంబరు. తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టుల మీద ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచితే మర్నాడు అవి తెగకుండా వస్తాయి.

అసలు పరీక్ష యాక్సిళ్ల దగ్గర. చక్రం పక్కన బాల్ జాయింట్ బోల్టు తీసి, లోయర్ ఆర్మ్‌ను కిందికి నొక్కితే హబ్ మొత్తం బయటికి వాలుతుంది. అప్పుడు యాక్సిల్ చివర హబ్‌లోంచి జారుతుంది. గేర్‌బాక్స్ వైపు చివరను లోపల ఒక చిన్న సర్‌క్లిప్ పట్టుకుని ఉంటుంది. రెండు చదును కడ్డీలతో చప్పున మీటితే టక్కుమని వస్తుంది. షాఫ్ట్‌ను చేత్తో పట్టి గుంజితే మాత్రం రాదు, పైగా లోపలి జాయింట్ విడిపోయి గుళికలు రాలతాయి. చక్రం ఎటు తిరిగినా తిప్పుడు వేగం మారకుండా ఉంచే సీవీ జాయింటు 1920ల్లో ఆల్ఫ్రెడ్ జెప్పా ఊహలోంచి పుట్టింది. ముందు చక్రాల కారుకు ప్రాణం అదే. దాని రబ్బరు బూటు చిరిగితే గ్రీజు పోయి, దుమ్ము చేరి, బండి మలుపులో కటకటమంటుంది. అందుకే ఊడదీసిన యాక్సిల్‌ను వేలాడనివ్వకూడదు. తీగతో పైకి కట్టాలి, లేదా పూర్తిగా తీసి పక్కన పడుకోబెట్టాలి.

మిగిలింది బరువు. మారుతీ 800 ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే బానెట్ గుండా పైకి వస్తాయి. షెడ్లలో పైపు గుచ్చి ఇద్దరు ముగ్గురు భుజాల మీద లేపేయడం కనబడుతుంది. నడుములు కావాలనుకునేవారు దాన్ని అనుకరించకపోవడం మేలు. ఇళ్లలో ఇంకో ఆకర్షణ ఉంటుంది, శ్లాబులో ఉయ్యాల కొక్కెం. పిల్లలు ఊగగా లేనిది ఇంజన్ మోయదా అనిపిస్తుంది. ఆ కొక్కెం ఏ ఊచకు, ఎలా కట్టి పోశారో ఇల్లు కట్టిన మేస్త్రీకి కూడా గుర్తుండదు. దాని కింద కుటుంబమంతా నిలబడి చూస్తుంటే ఇంజన్ వేలాడదీయడం జూదం. మన పల్లెల్లో దీనికి తేలికైన మార్గం ఇప్పటికే ఉంది. బోరుబావి మోటారు పైకి తీసేవాళ్ల దగ్గర మూడు కాళ్ల ఇనప స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి. కొన్ని వందల అడుగుల పైపును మోటారుతో సహా లాగే సరంజామాకు 800 ఇంజన్ ఒక లెక్క కాదు. ఒకరోజుకు అద్దెకు తెచ్చుకుంటే చాలు.

గొలుసును ఇంజన్ మీదున్న కొక్కేలకే తగిలించాలి, మానిఫోల్డుకో పుల్లీకో కాదు. గొలుసు బిగుతయ్యాక, బరువు మౌంటింగుల మీంచి గొలుసు మీదికి వచ్చిందని తెలిసే గుర్తు ఒకటుంది: మౌంటింగ్ బోల్టు వేళ్లతోనే తిరుగుతూ బయటికి వచ్చేస్తుంది. పానాతో ఇంకా బిగుసుకుని ఉంటే ఎత్తు సరిపోలేదన్నమాట, లేదా ఎక్కువైంది. ఇక అంగుళం అంగుళం లేపుతూ, ప్రతిసారీ ఆగి, మరిచిపోయిన వైరేదైనా సాగుతోందా అని చూడాలి. గేర్‌బాక్స్ వైపు వాలకుండా ఒకరు చేత్తో నడిపిస్తుండాలి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి గానీ కాలు గానీ ఉండకూడదు.

పాత మినీలో ఈ ఘట్టం ఇంకో రకంగానూ నడుస్తుంది. ఇంజన్‌ను మోసే ఫ్రేము సహా అన్నిటినీ విప్పి, కారు ముందుభాగాన్నే పైకెత్తి, ఇంజన్‌ను కిందనుంచి బయటికి దొర్లించేస్తారు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే ఇంజన్‌ను సబ్‌ఫ్రేముతో సహా కిందనుంచి బిగిస్తారు, కాబట్టి తీయడమూ అటునుంచే. ఆ ఎత్తుకు కారును లేపే లిఫ్టు ఇంట్లో ఉండదు.

బిగించడం విప్పిన వరసకు తిరగేత అని మాన్యువళ్లు తేలిగ్గా చెబుతాయి. పూర్తిగా నిజం కాదు. గేర్‌బాక్స్ సీళ్లు, సర్‌క్లిప్పులు, స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేయాలి. గేర్‌బాక్స్ బరువును క్లచ్ ప్లేటు మీద వేలాడనిచ్చి కలిపితే ప్లేటు వంగుతుంది. ఎక్కువమంది మరిచేవి రెండు. ఒకటి గేర్ ఆయిల్ పోయడం. రెండోది ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ వైరు. అది లేకుండా సెల్ఫ్ కొడితే అంత కరెంటూ దొరికిన దారి వెతుక్కుని యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి పోతుంది. కేబుల్ ఎర్రగా కాలి, పైతొడుగు కరిగిపోయిన బండ్లు మెకానిక్‌లకు కొత్తకాదు.

ఇంత శ్రమ ఎందుకంటే డబ్బు ఒక్కటే జవాబు కాదు. మన దగ్గర మేస్త్రీ కూలీ ఇంకా అందుబాటులోనే ఉంది, ఆదా అంత పెద్దదేం కాదు. అసలు లాభం చూపులో ఉంది. ఒకసారి యాక్సిల్ ఊడదీసినవాడికి మలుపులో వచ్చే కటకట భయపెట్టదు. లేత్ షాపులో బోరు 0.25 మిల్లీమీటర్లు పెంచారా, 0.50 పెంచారా అని అడిగి, ఆ సైజు పిస్టన్లే వచ్చాయో లేదో చూసుకోగలడు. బిల్లులో రాసిన మౌంటింగులు నిజంగా కొత్తవో కావో గుర్తుపట్టగలడు. మేస్త్రీతో మాట్లాడే తీరే మారుతుంది. మోసపోతానన్న అనుమానం పోయి, పని గురించిన మాటలు మొదలవుతాయి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు ఇంజన్ ఎత్తే క్రేన్లు అద్దెకు దొరుకుతాయి గానీ ఇంటి నిబంధనలు అడ్డొస్తాయి. చాలా కాలనీల సంఘాలు వాకిట్లో కారు విప్పడాన్ని ఒప్పుకోవు. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ అయితే ఇంటి దగ్గర పెద్ద రిపేర్ల మీద ఏకంగా నియమాలే పెట్టింది. జాకీ కొనే ముందు ఆ కాగితాలు చదువుకోవడం మంచిది.

ఇక్కడివాళ్లకు చెప్పేదొకటి. మొదటిసారి చేస్తుంటే విప్పడం, గుర్తులు పెట్టడం మీరే చేయండి. ఇంజన్ లేచే పూట మాత్రం అనుభవమున్న మేస్త్రీని పిలిచి, ఆ పూట కూలీ ఇవ్వండి. బోరు చేయించే బదులు పాత ఇంజన్ ఒకటి కొని వేద్దామనుకుంటే దాని కాగితాలు తీసుకోకుండా డబ్బు చేతిలో పెట్టకండి. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. అది మారితే రవాణా శాఖ కార్యాలయంలో నమోదు చేయించాలి.